బరువు సరిగ్గానే ఉన్నా "బక్కగా ఉన్నావు" అంటున్న డాక్టర్లు: చూపు నమ్మాలా, కొలత నమ్మాలా?

ఓరుగల్లు పిల్ల

గొంతు నొప్పని మా ఏరియాలో ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లాను. నాకు 26. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 48 కిలోలు. ఇంటర్ అయినప్పటి నుంచి కాస్త అటూ ఇటూగా ఇదే బరువు. కుర్చీలో కూర్చున్నానో లేదో డాక్టరు గారు మా అమ్మ వైపు తిరిగి "ఏమ్మా, పిల్లకి అన్నం పెట్టట్లేదా? ఎలా బక్కచిక్కిపోయిందో చూడు" అన్నారు. ఎత్తెంత అని నోటితోనే అడిగి, "అయితే కనీసం 58 ఉండాలి" అని తేల్చేశారు. గొంతుకి మందు రాసి, దాని కింద ప్రొటీన్ పౌడరు, ఆకలి పుట్టే మాత్రలు రాశారు. బరువు మిషన్ ఆ గదిలోనే ఉంది. దాని మీద శాంపిల్ మందుల అట్టపెట్టె పెట్టి ఉంది. నన్ను ఎక్కమనలేదు.

అప్పటి నుంచి అమ్మకి ఒకటే టెన్షన్. అన్నంలో నెయ్యి గుమ్మరిస్తోంది, రాత్రి పడుకోబోయే ముందు పాలు, అరటిపండు. సంబంధాలు చూస్తున్న ఇల్లు కదా, డాక్టరే అన్నాక ఇంక నా మాట ఎవరు వింటారు. బీఎంఐ, అంటే కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె, లెక్కేసుకుంటే 19.2 వచ్చింది. 18.5 దాటితే నార్మలే అని అన్ని చోట్లా ఉంది. ఆయన చూపు నమ్మాలా, ఈ లెక్క నమ్మాలా?

గోదారి గట్టు

అమ్మాయ్, డాక్టర్లు ఊరికే అనరు. రోజూ అంతమందిని చూసే కళ్లకి ఏదో ఒకటి కనబడే ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. 18.7 శాతం మంది ఉండాల్సిన దానికంటే తక్కువ బరువు. ఇలాంటి చోట సన్నగా ఉన్న ఆడపిల్లని చూసి డాక్టరుకి అనుమానం రావడం తప్పెలా అవుతుంది? నీ బీఎంఐ కూడా ఆకాశం నుంచి ఊడిపడిందేం కాదు. 1830ల్లో కెటెలే అనే బెల్జియం గణాంకవేత్త జనాభా లెక్కల కోసం కట్టిన సూత్రం. ఆయన డాక్టరు కూడా కాదు. ఓ నాలుగు కిలోలు పెరిగితే పోయేదేముంది తల్లీ?

లెక్కల పిచ్చోడు

ఆ 58 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తా. ఎత్తులోంచి 100 తీసేయడం, అంతే. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ డాక్టరు పాల్ బ్రోకా పేరు మీద చెలామణీ అయ్యే పద్ధతి అది. మన క్లినిక్‌లలో, జిమ్‌లలో, పెళ్లిళ్ల పేరయ్యల దగ్గర ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఇప్పుడు ఆ 58ని బీఎంఐలో పెట్టి చూడండి. 158 ఎత్తుకి 58 కిలోలంటే 23.2. మన దేశంలో 2009లో నిపుణులంతా కూర్చుని ఒప్పుకున్న హద్దుల ప్రకారం 23 దాటితే అధిక బరువు. అంటే ఆయన ఈ అమ్మాయిని నార్మల్ నుంచి అధిక బరువులోకి ఎక్కమంటున్నారు, దానికి "కనీసం" అని పేరు పెట్టి! ఎత్తు పెరిగే కొద్దీ ఇంకా ఘోరం. 170 ఉన్నవాడికి 70 అంటే 24.2. ఈ అమ్మాయి ఎత్తుకి 18.5 అంటే 46 కిలోల పైచిలుకు, 22.9 అంటే 57. ఈ మధ్యలో ఎక్కడున్నా ఇబ్బంది లేదు. తను 48 ఉంది.

గోదారి గట్టు గారూ, మీరు చెప్పిన సర్వేలోనే ఇంకో వరస కూడా ఉంది. తక్కువ బరువు ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 14.8 శాతం, తెలంగాణలో 18.8. అధిక బరువు, ఊబకాయం కలిపితే ఆంధ్రాలో 36.3, తెలంగాణలో 30.1. సన్నగా ఉన్నవాళ్ల కంటే లావుగా ఉన్నవాళ్లే ఎక్కువ. రోజంతా వాళ్లని చూసే డాక్టరు కంటికి 19 బీఎంఐ బక్కగా కనబడటంలో వింతేముంది?

స్టెత్ మెడలో

ఎండీ జనరల్ మెడిసిన్ చేస్తున్నాను, రెండో ఏడు. పెద్దగానే రాస్తున్నా, ఓపిక చేసుకోండి.

మొదట డాక్టర్ల తరఫున ఒక మాట. కంటితో చూడటం మాకు నేర్పించే మొదటి పాఠమే. కణతల దగ్గర గుంట పడిందా, బొటనవేలి కింద కండ కరిగిందా, కనురెప్ప లోపల పాలిపోయిందా, చీర లేదా ప్యాంటు ఎన్ని మడతలు పెట్టి కట్టారు అని చూస్తాం. ఇవి ఏ మిషనూ చెప్పదు. మా వార్డులో ఒకాయన, ఎత్తు 168, బరువు 54. బీఎంఐ 19 చిల్లర, అంటే చక్కగా నార్మల్. కానీ నాలుగు నెలల కింద 62 ఉండేవాడు. బెల్టుకి మేకుతో కొత్తగా రెండు కన్నాలు పొడుచుకున్నాడు. కఫం పరీక్ష చేయిస్తే టీబీ. బీఎంఐ చూసి "నార్మలే" అని పంపించి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

కానీ ఇక్కడ పట్టించింది ఆయన సన్నగా కనబడటం కాదు, తగ్గడం. ప్రయత్నం ఏమీ లేకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపు బరువులో 5 శాతం పోతే కారణం వెతకాలని మా పుస్తకాలన్నీ చెప్తాయి. టీబీ, షుగరు, థైరాయిడ్ ఎక్కువవడం, పేగుల జబ్బులు, క్యాన్సర్, డిప్రెషన్, అన్నీ చూడాలి. అలా తగ్గిన వంద కిలోల మనిషిని కూడా అనుమానించాల్సిందే. ఏళ్ల తరబడి ఒకే బరువు మీద ఉండి, నెలసరి క్రమంగా వస్తూ, పని చేసుకోగలుగుతూ ఉన్న సన్నటి మనిషిది వేరే కథ. 18.5 కంటే కాస్త కిందున్నా హార్మోన్లన్నీ సరిగ్గా ఉండి, తిండి బాగానే తినేవాళ్లు ఉంటారు. దానికి కాన్‌స్టిట్యూషనల్ థిన్‌నెస్ అని పేరు కూడా ఉంది. ఈ అమ్మాయి అక్కడి దాకా కూడా వెళ్లలేదు.

కాబట్టి ఆ డాక్టరు సన్నగా ఉందని గమనించడంలో తప్పు లేదు. గమనించాక అడగాల్సింది అడగలేదు. "ఈ ఏడాదిలో బట్టలు వదులయ్యాయా? నెలసరి తప్పుతోందా? సాయంత్రం పూట జ్వరం, రెండు వారాలుగా దగ్గు ఉందా? గుండె దడ?" ఇవన్నీ అడగడానికి నిమిషం చాలు. అడిగి, తూచి, అప్పుడు ఏదైనా రాయాలి. ఓపీలో బయట జనం తోసుకుంటుంటే ఆ నిమిషం ఎలా ఎగిరిపోతుందో నాకు తెలుసు, అది నిజం. అయినా ప్రొటీన్ పౌడరు పేరు రాయడానికి టైమ్ దొరికింది కదా.

డల్లాస్ కోడలు

ఇక్కడ మా గోల ఇంకోలా ఉంటుంది. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం అమెరికాలో పెద్దవాళ్లయిన ఆడవాళ్ల సగటు బరువు 77 కిలోలు. అలాంటి చోట 60 కిలోలున్న నేను నర్సుకి పుల్లలా కనబడతాను. "యూ ఆర్ సో టైనీ" అని మెచ్చుకుంటుంది కూడా. ఆ మాట చెవికి హాయిగానే ఉంటుంది, చిక్కంతా అక్కడే వస్తుంది. సన్నగా ఉంది కదా అని షుగరు పరీక్ష మాటే ఎత్తరు. ఆసియా వాళ్లకి బీఎంఐ 23 నుంచే షుగరు చూడాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే చెప్పింది. నాది 23 దాటింది. నేనే అడిగి రాయించుకున్నా, ప్రీడయాబెటిస్, అంటే షుగరు వచ్చే ముందు దశ అని తేలింది. చూపుతో తేల్చేస్తే ఇంటి దగ్గరైనా ఇక్కడైనా ఇలాగే ఉంటుంది.

గోదారి గట్టు

లెక్కల పిచ్చోడు బాబూ, నీ లెక్క బాగానే ఉంది, ఒప్పుకోడానికి నాకేం నామోషీ లేదు. కానీ తక్కువ బరువు ప్రమాదం కాదన్నట్టు మాట్లాడకు. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లలో వాళ్లకి అదనంగా రేషను ఇస్తే ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గిందని 2023లో పరిశోధన వచ్చింది. కేంద్రం కూడా టీబీ రోగులకి నెలకి ఇచ్చే పోషణ డబ్బు 500 నుంచి 1000 చేసింది. తిండికీ జబ్బుకీ సంబంధం లేదా మరి?

లెక్కల పిచ్చోడు

ఉంది సార్, ఎవరు కాదన్నారు. ఆ జార్ఖండ్ ఇళ్లలో తిండి చాలని వాళ్లు ఉన్నారు. ఈ అమ్మాయి ఇంట్లో అన్నంలో నెయ్యి గుమ్మరిస్తున్నారు. తిండి లేనివాడికి ఇచ్చే మందు తిండి ఉన్నవాళ్లకి ఇస్తే పొట్ట వస్తుంది, అంతే. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేశారు, చూసే ఉంటారు. ఇద్దరి బీఎంఐ 22.3. తెల్లాయన ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మనాయన ఒంట్లో 21.2. మనం సన్నగా కనబడుతూనే లోపల కొవ్వు పోగేసుకునే జాతి. "నాలుగు కిలోలు పెరిగితే పోయేదేముంది" అన్నారు కదా, ఆ నాలుగూ ఎక్కడ చేరతాయో మన నడుం చుట్టూ టేపు చెప్తుంది. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు.

జిమ్ తమ్ముడు

సాక్షిని నేనున్నా అన్నా. "బక్కోడా" అని పిలిపించుకోలేక బరువు పెంచే పౌడరు, మాస్ గెయినర్ డబ్బాలు తాగా. చేతులు అలాగే ఉన్నాయి, షర్టు కింది రెండు గుండీలు పట్టడం లేదు.

పలకా బలపం

అంగన్‌వాడీ టీచర్‌ని. పెద్దవాళ్ల సంగతి మీరు తేల్చుకోండి, పిల్లల దగ్గర ఇదే కథ రోజూ చూస్తున్నా. మా సెంటర్‌లో రెండేళ్ల బాబు ఉన్నాడు, 10.6 కిలోలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 చార్టులో ఆ వయసు మగపిల్లాడికి నడి గీత 12.2, తక్కువ బరువు కింద లెక్కేసే గీత 9.7. ఆ బాబు పుట్టినప్పటి నుంచి ఒకే దారిలో నిదానంగా ఎక్కుతున్నాడు, ఎక్కడా పడిపోలేదు. చేతి చుట్టుకొలత టేపు ఆకుపచ్చలోనే ఆగుతుంది, 12.5 సెంటీమీటర్ల పైన. సెంటర్ అంతా పరిగెడతాడు, పక్కవాడి గుడ్డు కూడా లాక్కుని తింటాడు.

వాళ్లమ్మ టౌన్‌లో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే "రెండేళ్లకి 12 ఉండాలి, వీక్‌గా ఉన్నాడు" అని సిరప్ రాశారట. 12 ఎక్కడిదని అడిగితే వయసుని రెండుతో గుణించి ఎనిమిది కలపాలట. అది సగటు పిల్లాడి బరువు కదా సార్, సగం మంది పిల్లలు దానికి కిందే ఉంటారు. ఆ అమ్మాయికి చెప్పిన 58 కథే ఇది. మధ్యలో ఉన్న అంకెని తెచ్చి గడప దగ్గర పెడుతున్నారు, దాని కిందున్న వాళ్లంతా రోగులు అయిపోతున్నారు.

ఎర్ర గీత కింద, 11.5 కంటే సన్నటి చేతులతో వచ్చే పిల్లలు మా దగ్గర నిజంగానే ఉన్నారు. వాళ్లని ఆసుపత్రికి పంపాలంటే ఇంట్లో వాళ్లని బతిమాలాలి. అవసరం లేని వాళ్లు మాత్రం సిరప్‌లు కొనుక్కుంటూ తిరుగుతున్నారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

స్టెత్ మెడలో

టీచర్ గారూ, ఆ సిరప్ మీద సిప్రోహెప్టాడిన్ అని ఉందేమో చూడండి. ఆకలి మందులంటే మన దగ్గర ఎక్కువగా అదే. అసలు అది ఎలర్జీ మందు, ఆకలి పెంచడం దాని పక్క పని. తాగినన్నాళ్లు తింటారు, మత్తుగా నిద్రపోతారు, ఆపాక చాలామందిలో ఆకలి మళ్లీ మొదటికే వస్తుంది. ఓరుగల్లు పిల్లా, నీకు రాసిన మాత్రల్లోనూ అదే ఉండొచ్చు, స్ట్రిప్ తిప్పి చూడు. స్కూటీ నడిపేటట్టయితే అసలు వేసుకోకు.

ఓరుగల్లు పిల్ల

అందరికీ థాంక్స్. స్ట్రిప్ మీద అదే పేరు ఉంది. రెండు వేసుకున్నా, రెండు రోజులూ ఆఫీసులో తూగాను. స్టెత్ గారూ, మీరు రాసిన ప్రశ్నలకి జవాబులు: బట్టలు వదులు కాలేదు, నెలసరి టైమ్‌కే వస్తుంది, జ్వరం, దగ్గు లేవు. కాలేజీలో రక్తదానం కూడా చేశా, 45 కిలోలు దాటితే 350 మిల్లీలీటర్లు తీసుకుంటారు కదా. అప్పుడు హిమోగ్లోబిన్ 12.8.

గోదారి గట్టు

ఆ 12.8 ఎప్పటిదో కాలేజీ నాటిది కదమ్మా. ఒకసారి మళ్లీ చేయించు, అంతకంటే ఏం అడగను.

స్టెత్ మెడలో

ఆ ఒక్క మాట మాత్రం పెద్దాయనతో నేనూ ఒప్పుకుంటా. రక్తహీనత సన్నగా ఉన్నవాళ్లకే రాదు, లావుగా ఉన్నవాళ్లలోనూ బోలెడు. సీబీపీ అనే రక్త పరీక్ష ఒకటి చేయించు, హిమోగ్లోబిన్ అందులోనే తెలుస్తుంది. ఇంటి దగ్గర ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంటే ఉచితంగా అయిపోతుంది. అక్కడే మిషన్ ఎక్కి, గోడకి ఆనుకుని ఎత్తు కూడా కొలిపించుకుని చీటీ మీద రాయించుకో. ఆరు నెలలకోసారి అదే మిషన్ మీద చూసుకుంటే చాలు. 46 కంటే కిందకి జారితే అప్పుడు రా.

లెక్కల పిచ్చోడు

ఆ చీటీ వాళ్లమ్మ గారికి చూపించే బాధ్యత ఎవరిది?

ఓరుగల్లు పిల్ల

అమ్మ ఈ చర్చంతా పైనుంచి చదివింది. గోదారి గట్టు గారు రాసినవి మాత్రం రెండుసార్లు చదివింది. :)