ఒకే ఇంట్లో కుటుంబ ప్రార్థన, బుద్ధ వందన: కలిసి చేయగలిగిన సాధన ఉందా?

ప్రశ్న (గుంటూరు సోదరి):

అందరికీ వందనాలు. నేను గుంటూరు జిల్లాలో లూథరన్ కుటుంబంలో పుట్టి పెరిగాను. మా వారు అంబేడ్కర్ రచనలు చదివి, పెళ్ళయిన కొన్నేళ్ళకు బౌద్ధం స్వీకరించారు. ఉదయం ఆయన త్రిశరణాలు (బుద్ధ, ధర్మ, సంఘాలను శరణు కోరే వాక్యాలు), పంచశీలాలు (ఐదు నీతి నియమాలు) పఠించి కాసేపు ధ్యానం చేస్తారు. రాత్రి నేనూ పిల్లలూ వాక్యం చదివి, కీర్తన పాడి, మోకరించి ప్రార్థన చేస్తాం. ఒకరినొకరం ఎన్నడూ అడ్డుకోలేదు. అయితే ప్రార్థన వేళకు తండ్రి లేచి వరండాలోకి వెళ్ళిపోవడం ఎదుగుతున్న పిల్లలు గమనిస్తున్నారు. ప్రాణహింస, దొంగతనం, వ్యభిచారం, అబద్ధం కూడదన్న నాలుగు శీలాలూ పది ఆజ్ఞల్లోనూ ఉన్నాయని వాళ్ళకు చెప్పాను. కానీ నీతి ఒకటేనని చెప్పుకోవడం వేరు, కలిసి కూర్చోవడం వేరు. ఆయన తనకు లేని విశ్వాసాన్ని నటించకుండా, నేను నా ప్రభువును పక్కన పెట్టకుండా, రోజూ ఇద్దరం కలిసి చేయగలిగినది ఏమైనా ఉంటే దయచేసి తెలపండి.

జవాబు (హైదరాబాద్ కతోలికుడు):

అమ్మా, నేను నాగార్జునసాగర్ రహదారి మీదున్న విపశ్యన (బౌద్ధ సంప్రదాయపు ధ్యాన పద్ధతి) కేంద్రంలో పది రోజుల శిబిరం చేశాను. చేరేవారు ఒప్పుకోవలసిన నియమావళిలో, శిబిరం ముగిసేవరకు ప్రార్థనలు, పూజలు, జపమాల తిప్పడం అన్నీ ఆపివేయాలని ఉంటుంది. ఇతర సాధనలను ఖండించడానికి కాదనీ, ఈ పద్ధతిని దేనితోనూ కలపకుండా పరీక్షించి చూడడానికేననీ అందులోనే వివరిస్తారు. జపమాల లేకుండా పడుకోవడం నాకు కష్టమైంది కానీ ఆ నియమంలోని నిజాయితీని గౌరవించాను. శ్వాసను గమనిస్తూ మధ్యమధ్య మరియమ్మకు చేసే మంగళవార్త జపం చెప్పుకుంటే రెండింటిలో ఏదీ సరిగా సాగదు. అందుచేత ధ్యానాన్నీ ప్రార్థననూ కలిపి కొత్తదొకటి తయారుచేయవద్దని నా మనవి.

మీకు పనికివస్తుందని నాకు తోచేది మా సంప్రదాయంలోని ఆత్మపరిశోధన. 16వ శతాబ్దంలో యేసు సభ (జెసూట్) స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా దీనికి ఒక క్రమం ఏర్పరిచారు. యేసు సభ గురువులకు ఇది మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి చేయవలసిన నిత్యవిధి. ముందు ఆ రోజు అందిన మేళ్ళకు కృతజ్ఞత, తర్వాత తనను తాను చూసుకోవడానికి వెలుగునిమ్మని వేడుకోలు, ఆపై పొద్దుటి నుంచీ గంట గంటకూ తాను తలచినదీ, అన్నదీ, చేసినదీ గుర్తుచేసుకోవడం, దొర్లిన తప్పులకు క్షమాపణ, చివరగా రేపటికి ఒక తీర్మానం. ఇందులో రోజును తిరిగి చూసుకునే మూడో భాగానికి మీ వారు అభ్యంతరం చెప్పరనుకుంటాను.

జవాబు (విజయవాడ బౌద్ధ ఉపాసకుడు):

అభ్యంతరం చెప్పకపోవడమే కాదు, అది మాకూ సొంతమైనదే. బుద్ధుడి ఉపదేశాల పాళీ సంకలనమైన మజ్ఝిమ నికాయంలోని 61వ సుత్తంలో బుద్ధుడు తన కుమారుడైన రాహులుడిని అద్దం ఎందుకుంటుందని అడుగుతాడు. చూసుకోవడానికని రాహులుడు జవాబిస్తాడు. అలాగే ఏ పనినైనా, మాటనైనా, ఆలోచననైనా ముందూ, జరుగుతున్నప్పుడూ, తర్వాతా చూసుకోవాలనీ, అది తనకు గానీ ఎదుటివారికి గానీ బాధ కలిగిస్తుందేమో అడిగి తెలుసుకోవాలనీ బుద్ధుడు ఉపదేశిస్తాడు. చేతతోనో మాటతోనో తప్పు జరిగితే గురువుకో, వివేకవంతుడైన సహచరుడికో దాచకుండా చెప్పాలి; మనసులోని దురాలోచన అయితే సిగ్గుపడి విడిచిపెట్టాలి. అబద్ధం గురించి రాహులుడికి చేసిన ఉపదేశాన్ని భిక్షువులే కాక గృహస్థులు కూడా తరచూ వినాలని అశోకుడు బైరాట్ శాసనంలో కోరాడు. అంటే ఇది మొదటినుంచీ ఇంటిలో చేయదగిన సాధనే.

ఒక్క తేడాను మాత్రం పిల్లల ముందు దాచవద్దు. మీరు క్షమాపణ కోరేది దేవుణ్ణి. మాలో క్షమించేవాడు లేడు. చూడడం, ఒప్పుకోవడం, ఇకపై సంయమం పాటించడం, అంతే. క్రీస్తును బోధిసత్త్వుడని (బుద్ధత్వం వైపు సాగుతున్నవాడని) మీ వారూ, బుద్ధుణ్ణి ప్రవక్త అని మీరూ సర్దిచెప్పుకుంటే మర్యాదగానే ఉంటుంది కానీ ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది.

మైత్రీ భావన, అంటే అందరికీ మేలు కోరే మా ధ్యానం గురించి ఒక మాట. శత్రువుతో మొదలుపెట్టవద్దని 5వ శతాబ్దపు బౌద్ధ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు హెచ్చరించాడు. ముందు తనకు, తర్వాత తాను గౌరవించే వ్యక్తికి, ఆప్తుడికి, ఇష్టమూ అయిష్టమూ లేనివారికి, ఆఖరున పగవాడికి మేలు కోరాలని ఆయన చెప్పిన క్రమం. మత్తయి 5వ అధ్యాయంలో క్రీస్తు ఆజ్ఞ నేరుగా శత్రువు దగ్గరికే తీసుకుపోతుంది. ఆ ఆజ్ఞను నెరవేర్చలేక బాధపడే క్రైస్తవ మిత్రులకు ఈ క్రమం సాయపడడం నేను చూశాను.

జవాబు (ఒంగోలు బాప్టిస్టు సంఘ పెద్ద):

సోదరీ, పై ఇద్దరి మాటలనూ గౌరవిస్తూనే ఒక జాగ్రత్త చెబుతాను. మనిషి తనను తాను తరచి చూసుకుంటే చాలు, బాగుపడతాడన్న అభిప్రాయం పిల్లల్లో నాటుకుంటే వాళ్ళ మనసుల్లో కృపకు చోటుండదు. కాబట్టి మీ కుటుంబ ప్రార్థనను తగ్గించి దాని స్థానంలో దీనిని పెట్టవద్దు. అయితే "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుండగా, మన సంఘాల్లో దీనిని పాటించే ఇళ్ళు చాలా అరుదు. భర్త బౌద్ధుడైనందువల్ల మీ ఇంట్లో ఈ ఆజ్ఞ అమలవుతుందంటే నేను కాదనలేను.

గుంటూరు సోదరి:

అందరికీ కృతజ్ఞతలు. మా వారితో కూడా ఇవన్నీ చదివించాను. భోజనమయ్యాక నలుగురం కాసేపు మౌనంగా కూర్చుని రోజును తిరిగి చూసుకోవాలనీ, తర్వాత నేనూ పిల్లలూ ప్రార్థనకు, ఆయన మైత్రీ భావనకు అదే గదిలో ఉండాలనీ అనుకున్నాం. క్షమించమని నేను దేవుణ్ణి అడిగేటప్పుడు ఆయన కళ్ళు మూసుకుని ఊరకుంటారు. ఎందుకో పిల్లలకు ఆయనే చెబుతానన్నారు. ఒక షరతు కూడా పెట్టారు: పిల్లల చేత తప్పులు చెప్పించకూడదు, ముందు మనిద్దరం వాళ్ళ ఎదుట చెప్పాలి, వాళ్ళు చెప్పడం వాళ్ళ ఇష్టం. నాకది సబబుగానే ఉంది. అయితే భార్యాభర్తల మధ్య వచ్చిన మాటామాటా కూడా పిల్లల ముందు ఒప్పుకోవాలా, కొన్నింటిని మా ఇద్దరి మధ్యే ఉంచుకోవాలా అన్నది తేలలేదు. ఎదిగిన పిల్లలున్న ఇంట్లో ఇలా చేస్తున్నవారు ఎక్కడ గీత గీసుకున్నారో తెలిపితే మేలు.