కారం అంటిన చేతికి గోరువెచ్చని నీళ్ళు కూడా ఎందుకు కాలుతాయి?

లావణ్య_బయోటెక్:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు దగ్గర పల్లె, బీఎస్సీ రెండో ఏడు చదువుతున్నాను. మా అమ్మ సీజన్‌లో మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తుంది. తేజ రకం వచ్చిన రోజు సాయంత్రానికి చేతులు మండిపోతుంటాయి. అది మామూలే. నాకు అర్థం కానిదేమిటంటే, ఇంటికొచ్చి గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి పెట్టినా కాగే నీళ్ళు తగిలినట్టు వెనక్కి లాగేసుకుంటుంది. అవే నీళ్ళు నాకు హాయిగా ఉంటాయి.

మాకు క్లాసులో టీఆర్‌పీవీ1 అయాన్ ఛానల్ చెప్పారు, అంటే నరాల కణపు పొరలో ఉండి, విద్యుదావేశం ఉన్న కణాలని (అయాన్లని) లోపలికి వదిలే తలుపులాంటి ప్రోటీన్. మిరపలోని కాప్సైసిన్ తాళంచెవిలా అతుక్కుంటే తెరుచుకుంటుందట, 43 డిగ్రీలు దాటిన వేడికీ తెరుచుకుంటుందట. వేడికి ఆకారమే లేదు కదా, అదేం తాళంచెవి? పోనీ అనుకున్నా, కాప్సైసిన్ తలుపు తీసేశాక వేడి వచ్చి మళ్ళీ తీసేదేముంటుంది? సార్‌ని అడిగితే "కన్ఫర్మేషనల్ చేంజ్ (ప్రోటీన్ ఆకారం మారడం) అని రాయి, మార్కులు పడతాయి" అన్నారు. పడతాయి, కానీ మా అమ్మకి ఏం చెప్పను?

క్రయో_శీను:

లావణ్య గారూ, తాళంచెవి మాట పరీక్ష దాకా ఉంచుకోండి, బుర్రలోంచి మాత్రం తీసేయండి. మిమ్మల్ని ఇరుకున పెట్టింది అదే. మాది ఒంగోలు. ప్రస్తుతం పోస్ట్‌డాక్, పొరల్లో ఉండే ప్రోటీన్లని గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టడం నా పని. కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

ఈ ఛానల్ నాలుగు ఒకేరకం ప్రోటీన్ గొలుసులు గుండ్రంగా చేరితే తయారవుతుంది. ఒక్కో గొలుసు కణపు పొరని ఆరుసార్లు దాటుతుంది. అలా దాటే మెలికల ముక్కలే హెలిక్స్‌లు. చివరి రెండు హెలిక్స్‌లు మధ్యలో ఉన్న రంధ్రానికి గోడ కడతాయి, మొదటి నాలుగూ బయటివైపు ఉంటాయి. ఈ రెండు భాగాల నడుమ, పొరలోనే, ఒక చిన్న జేబు ఉంది. ఛానల్ మూసి ఉన్నప్పుడు ఆ జేబు ఖాళీగా ఉండదు, పొరకు చెందిన ఒక కొవ్వు అణువు అందులో కూర్చుని ఉంటుంది. ఈ సంగతి 2016లో బయటపడింది, నాకు భలే ఇష్టమైన విషయం. కాప్సైసిన్ దాన్ని తప్పించి తను దిగుతుంది, తల కిందకి, తోక పైకి. ఆ తల నాలుగో, అయిదో హెలిక్స్‌లని కలిపే ముక్కని బయటికి లాగుతుంది. దాంతో రంధ్రం అడుగున ఉన్న ఇరుకు సడలి సోడియం, కాల్షియం లోపలికొస్తాయి, నరం మెదడుకి కబురు పంపుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. "తెరిచాక మళ్ళీ తెరిచేదేముంది" అన్నారు చూశారా, ఈ ఛానల్ ఒకసారి తెరుచుకుని అలా ఉండిపోయే రకం కాదు. మిల్లీసెకన్ల లెక్కన తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు దాదాపు ఎప్పుడూ మూసే ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ తెరుచుకుని ఉండే సమయం పెరుగుతుంది, అదీ మామూలుగా కాదు. సాధారణ రసాయన చర్యలు 10 డిగ్రీలకి రెండు మూడు రెట్లు వేగం పుంజుకుంటాయి, ఇక్కడ విద్యుత్ ప్రవాహం 20 రెట్ల పైమాటే. కాబట్టి 43 డిగ్రీలనేది గీత గీసినట్టుండే హద్దు కాదు, ప్రవాహం గట్టిగా పెరగడం మొదలయ్యే చోటు. కాప్సైసిన్ జేబులో ఉంటే తెరిచిన రూపం ప్రోటీన్‌కి ముందే కొంత సులువైపోయి ఉంటుంది. మిగిలిన కాస్త పనికి అంత వేడి అక్కర్లేదు. మీ అమ్మగారి వేళ్ళలో ఆ మొదలయ్యే చోటు కిందికి దిగిపోయింది. మీకు హాయిగా ఉన్న నీళ్ళు ఆవిడకి కాలడం అందుకే. అల్లం టీతో మిరపకాయ బజ్జీ తిన్నవాళ్ళందరికీ ఇది నోటికి తెలుసు.

వేడికి ప్రత్యేకంగా జేబు లేదు. ప్రోటీన్‌లో ఏ భాగం వేడిని పట్టుకుంటుందన్న దానిమీద మా వాళ్ళు ఇంకా వాదించుకుంటున్నారు. రంధ్రం పైభాగమని కొందరు, అలా ఒక్కచోట వెతకొద్దని కొందరు. నేను రెండో పక్షం.

అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం ఈ ఛానల్ జన్యువుని 1997లో పట్టుకుంది, దానికే 2021లో నోబెల్. నిర్మాణం మాత్రం 2013 దాకా దొరకలేదు. స్ఫటికాలు లేకుండా, ద్రవ ఈథేన్‌లో గడ్డకట్టించి, 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల వివరంతో చూశారు (ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు). మా ఫీల్డ్‌లో చాలామంది క్రయో వైపు, అంటే ఇలా గడ్డకట్టించి చూసే పద్ధతి వైపు, తిరిగింది ఆ బొమ్మలు చూశాకే. అయితే ఒక్కో బొమ్మలో ప్రోటీన్ కదలకుండా ఉంటుంది, దాన్ని చూసే అందరూ తాళంచెవి అనుకుంటారు.

లావణ్య_బయోటెక్:

థాంక్యూ అండీ, మొదటిసారి తలకెక్కింది. ఇంకొక్కటి. ఎండకి కమిలిన వీపు మీద కూడా మామూలు నీళ్ళు ఇలాగే మండుతాయి, అక్కడ కారం లేదు కదా? పైగా ఏళ్ళ తరబడి ఈ పని చేసేవాళ్ళు తమకి అంత మంట తెలీదంటారు.

నొప్పి_వైద్యుడు:

అమ్మా లావణ్యా, నేను మత్తు డాక్టర్ని, నొప్పి క్లినిక్ చూస్తాను. కమిలిన చోట బ్రాడీకైనిన్ లాంటి నొప్పి రేపే రసాయనాలు పుడతాయి. నరం మీద వాటికి వేరే రిసెప్టర్ (వాటిని పట్టుకునే ప్రోటీన్) ఉంది. అక్కడినుంచి కబురు లోపలికి వెళ్ళి ప్రోటీన్ కైనేజ్ సి అనే ఎంజైమ్‌ని లేపుతుంది, అది ఈ ఛానల్‌కి లోపలివైపు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ప్రవాహం మొదలయ్యే వేడి అని శీను చెప్పిన చోటే మళ్ళీ కిందికి జారుతుంది, ఒక్కోసారి ఒంటి వేడి చాలు మంట పుట్టడానికి.

రెండోదానికి జవాబు కాల్షియంలో ఉంది. లోపలికొచ్చిన కాల్షియం కాల్‌మోడ్యులిన్ అనే ప్రోటీన్‌తో కలిసి అదే ఛానల్‌ని మందగింపజేస్తుంది. మోతాదు బాగా ఎక్కువైతే చర్మంలోని నరాల కొసలే కొన్నాళ్ళు వెనక్కి తగ్గుతాయి. సర్పి తగ్గాక మిగిలిపోయే నొప్పికి 8 శాతం కాప్సైసిన్ ప్యాచ్ వాడేది ఇందుకే. అలాగని ఇంట్లో కారం పట్టీలు వేసుకునేరు, బొబ్బలెక్కుతాయి.

ఈ ఛానల్‌ని పూర్తిగా మూసేసే మందులూ చేశారు. ఒకదాన్ని మనుషుల మీద పరీక్షిస్తే కొందరికి జ్వరం 40 డిగ్రీలు తాకింది. ఒంటి వేడిని అదుపులో పెట్టడంలోనూ దీనికి చెయ్యుందని అప్పుడు అందరికీ బాగా తెలిసొచ్చింది.

అమ్మకి చెప్పు: ముందు నూనె రుద్ది, తర్వాత సబ్బు, ఆపైన చల్లనీళ్ళు. కాప్సైసిన్ నీళ్ళలో కరగదు, చల్లదనం మాత్రం ఛానల్‌ని మూసే వైపు నెడుతుంది. వేణ్ణీళ్ళు ఆ రోజుకి మానెయ్యమను.

రైతుబిడ్డ:

మా తోటలో చిలకలు పండుమిర్చి హాయిగా తింటాయి. వాటికి ఈ ఛానల్ లేదా?

క్రయో_శీను:

ఉందండీ, వేడికి బాగానే పలుకుతుంది. కోడి ఛానల్‌ని జూలియస్ బృందమే 2002లో పరీక్షించింది, కాప్సైసిన్‌కి దాదాపు కదలలేదు. జేబు దగ్గర కొన్ని అమైనో ఆమ్లాలు తేడా, అంతే. కాబట్టి గింజల మీద కారం చల్లితే ఉడతలు పోతాయి గానీ చిలకలు పోవు. వాటికి వల కట్టుకోవాల్సిందే.