ముఖం నరం నొప్పి మూడు నెలలుగా లేదు, మాత్రలు ఆపేయొచ్చా?

పాలకొల్లు పిల్ల: అమ్మకి 64. కుడి దవడకి ట్రైజెమినల్ న్యూరాల్జియా. కార్బమజెపిన్ సీఆర్ (మందు నెమ్మదిగా విడుదలయ్యే బిళ్ళ) పొద్దున 200, రాత్రి 400 మిల్లీగ్రాములు. మూడు నెలలుగా కరెంటు కొట్టినట్టుండే ఆ నొప్పి, ఒక్క షాకూ లేదు. కానీ నడుస్తుంటే తూలుతోందని, మాత్రలు మానేస్తానని పట్టుబట్టింది. బీపీకి కూడా మందు వాడుతోంది. ఏం చేయాలండీ?

ఏటిగట్టు: ఒక్కసారిగా ఆపనివ్వకండి. నొప్పి మళ్ళీ విరుచుకుపడొచ్చు. ఫిట్స్ చరిత్ర ఉంటే మరీ ప్రమాదం. డాక్టరుగారితో మాట్లాడి రెండేసి వారాలకి 100 మిల్లీగ్రాముల చొప్పున దింపుకురండి. 600 నుంచి సున్నాకి దాదాపు మూడు నెలలు పడుతుంది. మధ్యలో షాకు తగిలితే దాని ముందు మెట్టుకి వెళ్ళి అక్కడే ఆగాలి. పళ్ళు తోముకునేటప్పుడు షాకులొచ్చే మనిషైతే రాత్రి డోసుని చివరిదాకా ముట్టుకోవద్దు, పొద్దున్న కాపాడేది అదే. సీఆర్ బిళ్ళ నలగ్గొట్టకూడదు, నమలకూడదు. మధ్యలో గీత ఉంటే, విరవొచ్చో లేదో షాపులో అడిగి విరవండి.

మందులశాస్త్రం: తూలడానికి కారణం తేలకుండా తగ్గించడం మొదలెట్టొద్దు. ముందు రక్తంలో సోడియం చూపించండి. ఈ మందు సోడియాన్ని దించేస్తుంది. 135 కంటే తక్కువుంటే డాక్టరుకి చెప్పాలి, 125 కంటే దిగితే అదే రోజు ఆసుపత్రి. దీని బదులు ఆక్స్‌కార్బజెపిన్ అడుగుదామనుకుంటారేమో, అది ఇంకా ఎక్కువ దించుతుంది. బీపీ స్ట్రిప్ వెనక పేర్లు చదవండి. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ ఉంటే సోడియం ఇంకా పడిపోతుంది. డిల్టియాజెమ్, వెరపమిల్ ఉంటే కార్బమజెపిన్ ఒంట్లో పేరుకుని తూలిస్తుంది. దగ్గుకి రాసే క్లారిథ్రోమైసిన్ కూడా అంతే. పెరట్లో పంపరపనస ఉంటే అది కూడా వద్దు, ఆ జాతి పళ్ళు మందు స్థాయిని పెంచుతాయి.

కొబ్బరితోట: మందు డబ్బా ఎక్కడుందో చూశారా? వర్షాకాలం మనవైపు అప్పడం మెత్తబడుతుంది కదా, ఈ బిళ్ళ తేమకి గట్టిపడుతుంది. అప్పుడు కడుపులో సరిగ్గా కరగదు, బలం మూడో వంతు దాకా పోవచ్చు. డోసు తగ్గిస్తున్న రోజుల్లో షాకొస్తే తగ్గించినందుకు వచ్చిందో, బిళ్ళ చెడి వచ్చిందో తెలీదు. స్ట్రిప్ నుంచి విడదీసి పొట్లాల్లో కట్టొద్దు. బాత్రూం అలమరలో, పొయ్యి పక్కన పెట్టొద్దు.

పాలకొల్లు పిల్ల: చూశానండి. బీపీ స్ట్రిప్ మీద టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ అని ఉంది! ఆపేయనా?

మందులశాస్త్రం: అదీ సొంతంగా ఆపకండి. రేపు పొద్దున్నే సోడియం చేయించి, రిపోర్టుతో పాటు రెండు స్ట్రిప్పులూ డాక్టరు ముందు పెట్టండి. బీపీ మందు మారిస్తే తూలు తగ్గి, కార్బమజెపిన్‌ని ఇలాగే కొనసాగించొచ్చేమో.

ఏటిగట్టు: ఇంకొకటి. పూర్తిగా మానేశాక కొన్ని నెలలకి నొప్పి తిరిగొస్తే పాత 600 ఒకేసారి వేయొద్దు. మందుని అరగదీసుకునే అలవాటు ఒంటికి అప్పటికి పోయుంటుంది, తల తిరిగి పడిపోతారు. మళ్ళీ 100 చొప్పున రెండు పూటలతోనే మొదలు. ఒంటిమీద దద్దుర్లు, నోట్లో పుళ్ళు కనిపిస్తే మాత్రం నెమ్మదిగా తగ్గించే పనే లేదు. అక్కడికక్కడ ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి.