ట్యాంకులో 140 బార్ ఉన్నా ఊపిరి అందలేదు, ఇది నా కంగారేనా?

గవ్వ:
అందరికీ నమస్కారం. పది రోజులుగా రాత్రి పడుకోగానే ఇదే గుర్తొస్తోంది, అందుకే రాస్తున్నా. నాది 14వ స్కూబా డైవ్. బడ్డీ, అంటే నీళ్ళలో జోడీ, మా ఆయనే, ఆయన నలభై పైనే చేశారు.

బోట్ మీద ట్యాంక్ వాల్వ్ నేనే తెరిచాను. ట్యాంకులో గాలి ఒత్తిడి చూపే గేజ్ 200 బార్ చూపించింది. రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని రెండుసార్లు పీల్చి కూడా చూశాను. సరిగ్గా దూకబోయే ముందు బోట్ కుర్రాడొకడు వెనక నుంచి వచ్చి వాల్వ్ ఏదో తిప్పి, "ఓకే మేడమ్" అన్నాడు. సాయం చేస్తున్నాడనుకున్నా.

పైన ఏ ఇబ్బందీ లేదు. దిగిన 12 నిమిషాలకు, 21 మీటర్ల దగ్గర, గాలి బిగుసుకుపోయింది. స్ట్రా మధ్యలో నొక్కిపట్టి జ్యూస్ తాగితే ఎలా ఉంటుంది? అలా. వస్తుంది, కానీ చాలదు. గట్టిగా పీల్చేకొద్దీ ఇంకా అధ్వాన్నం. మా ఆయనేమో ఆరేడు మీటర్ల అవతల, నావైపు వీపు పెట్టి, తాబేలును వీడియో తీస్తున్నారు. ఆ ఆరేడు మీటర్లు ఎలా ఈదానో నాకే తెలీదు. వెళ్ళి ఫిన్ పట్టుకుని లాగాను. గొంతు దగ్గర చెయ్యి అడ్డంగా ఆడిస్తే, తాబేలును చూసి సంబరపడుతున్నాననుకున్నారట! ఇక ఆగలేక ఆయన ఆక్టోపస్ (ఆయన ట్యాంకుకే ఉండే రెండో, స్పేర్ మౌత్‌పీస్) నేనే లాక్కున్నా. ఒకరినొకరు పట్టుకుని పైకొచ్చేశాం. మరీ వేగంగా వస్తున్నామని డైవ్ కంప్యూటర్ దారంతా అరుస్తూనే ఉంది. తర్వాత లాగ్ చూస్తే 21 మీటర్లు 50 సెకన్లలో వచ్చేశాం. పైకొచ్చే ముందు కాసేపు ఆగాల్సిన సేఫ్టీ స్టాప్ ఊసే లేదు.

బోట్ ఎక్కి గేజ్ చూస్తే 140 బార్. గైడ్ నవ్వేసి, "గాలి బోలెడుంది, భయపడ్డారంతే. రెండో డైవ్ దిగితే పోతుంది" అన్నాడు. నేను దిగలేదు. భయమే అయితే మరి ఆ స్ట్రా సంగతేంటి?

పాతగేజ్:
గవ్వ గారూ, ఒక్క ప్రశ్న. ఊపిరి బిగిసినప్పుడు గేజ్ వైపు చూశారా? ముల్లు కదలకుండా ఉందా?

గవ్వ:
చూశానండి. మీరడిగాక గుర్తొస్తోంది, నిలకడగా లేదు. పీల్చినప్పుడు కిందకి పడిపోయి, ఆపగానే మళ్ళీ లేచేది. గేజ్ పాడైందేమో అనుకున్నా.

పాతగేజ్:
గేజ్ బాగానే ఉంది, మీ ట్యాంక్ వాల్వ్ దాదాపు మూసి ఉంది. నేను చాలా ఏళ్ళుగా డైవింగ్ నేర్పుతున్నాను, ఇది కొత్త కథేమీ కాదు.

వాల్వ్ పూర్తిగా తెరిచి, ఒక పావు తిప్పు వెనక్కి తిప్పే పాత అలవాటు ఒకటుంది. మీ కుర్రాడు అదే చేయబోయి ఉంటాడు. ఎటు తిప్పుతున్నాడో పొరబడితే, తెరిచి ఉన్న వాల్వ్‌ను మొత్తం మూసేసి, పావు తిప్పు మాత్రమే తెరుస్తాడు. ఆ సన్నటి సందులోంచి కూడా పైన సరిపడా గాలి వస్తుంది. 20 మీటర్ల లోతులో ఒత్తిడి మూడు రెట్లు, అంటే ఒక్కో ఊపిరికి ట్యాంకులోంచి మూడింతలు గాలి రావాలి. పైగా మీరు అప్పటికే 60 బార్ వాడేశారు, వెనక నుంచి తోసే ఒత్తిడి కూడా తగ్గింది. మీరు పీల్చేది వేగంగా, సందులోంచి వచ్చేది నెమ్మదిగా. అందుకే ముల్లు పడింది. పీల్చడం ఆపగానే గొట్టం మళ్ళీ నిండి, ముల్లు లేచింది. బోట్ మీద పీల్చేవాళ్ళు లేరు కాబట్టి 140 నిలకడగా కనిపించింది. గైడ్ నవ్వే ముందు ఆ వాల్వ్ మీద చెయ్యి వేసి చూడాల్సింది.

మీరు రెండుసార్లు పీల్చి చూశానన్నారు. అది కుర్రాడు తిప్పకముందు. వాల్వ్‌ను ఎవరు ముట్టుకున్నా, ఆ తర్వాత మళ్ళీ నాలుగు ఊపిరులు, కళ్ళు ముల్లు మీదే పెట్టి.

బుడగలరాజు:
మరి వాళ్ళాయన కింద అక్కడే వాల్వ్ తెరిచేస్తే సరిపోయేది కదా? పైకి పరుగెందుకు?

పాతగేజ్:
తెరవొచ్చు బ్రదర్, కానీ ముందు ఆక్టోపస్ ఆమె నోట్లో పడాలి. కంగారులో ఆయన కూడా అటు బదులు ఇటు తిప్పితే ఆ ఉన్న కాస్త గాలీ పోతుంది.

ఉప్పుగాలి:
వాల్వ్ గురించి చెప్పేశారు, నన్ను భయపెట్టింది ఆ 50 సెకన్లు. పైకి రావాల్సిన వేగం నిమిషానికి 9 మీటర్లు, ఆ లెక్కన రెండు నిమిషాల పైనే పట్టాలి. వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టారా గవ్వ గారూ? 10 మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి ఊపిరితిత్తుల్లోని గాలి రెట్టింపవుతుంది, బిగబడితే అవి చిరుగుతాయి. రెండో డైవ్ దిగకపోవడం చాలా మంచి పని, ఎవరేమన్నా పట్టించుకోకండి. తప్పిన స్టాప్ కోసం మళ్ళీ దిగకూడదు కూడా. ఆ రోజు కీళ్ళ నొప్పులు, తిమ్మిర్లు, మామూలు కాని నీరసం ఏమైనా ఉన్నాయా? ఉంటే స్వచ్ఛమైన ఆక్సిజన్ పెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాల్సింది.

ఇంకోటి, చెప్పక తప్పదు. గాలి అందనప్పుడు ఆరేడు మీటర్లంటే చాలా దూరం. కెమెరా చేతికొస్తే బడ్డీ సగం లేనట్టే.

గవ్వ:
బిగబట్టలేదండీ, ఆక్టోపస్ దొరికాక గసపోస్తూనే ఉన్నా. నొప్పులూ ఏమీ రాలేదు. ఆ చివరి వాక్యం మా ఆయనకు చదివి వినిపించాను, రెండుసార్లు.

నిన్న ఇంకో పని చేశాం. నేల మీద ట్యాంక్ పెట్టి, వాల్వ్ మూసేసి పావు తిప్పు కన్నా కాస్త తక్కువే తెరిచాం. మామూలుగా పీలిస్తే హాయిగా వచ్చింది, ముల్లు వెంట్రుకవాసి కదిలింది. రెగ్యులేటర్ మీద గాలిని ధారగా వదిలే పర్జ్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకుంటే అచ్చం అక్కడ చూసినట్టే పడి, వదలగానే లేచింది. అది చూశాక మనసు కుదుటపడింది.

ఒక్కటి మిగిలింది. వెనక్కి చెయ్యి పెడితే నా వాల్వ్ నాకు అందట్లేదు. అందరికీ ఇంతేనా?

పాతగేజ్:
చాలామందికి అంతే. నడుము బెల్టు వదులు చేసి, ఎడమచేత్తో ట్యాంక్ అడుగును పైకి నెట్టండి, కుడిచేత్తో తల వెనక వెతకండి. ఈత కొలనులో, నిలబడితే తల పైకి వచ్చే లోతులో, పక్కన మనిషి ఉండగా ఓ పదిసార్లు చేయండి. ఆయన్ను కెమెరా లేకుండా రమ్మనండి.