నేల మీద తుంటి నొప్పి: లంబసింగి చలికి టెంటు బదులు హ్యామక్ పనికొస్తుందా?

కొండబాట:
డిసెంబరు చివర్లో లంబసింగి దగ్గర రెండు రాత్రుల క్యాంపింగ్ అనుకుంటున్నాం. టెంటులో ఫోమ్ మ్యాట్ మీద పక్కకి తిరిగి పడుకుంటే గంటకే తుంటి, భుజం పట్టేస్తున్నాయి. హ్యామక్ (రెండు చెట్ల మధ్య కట్టే గుడ్డ ఉయ్యాల) కొందామంటే మూడు సందేహాలు. నడుము విల్లులా వంగిపోదా? తెల్లవారుజామున సున్నా దగ్గరికి దిగే చలికి ఏం చెయ్యాలి? కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి కట్టొచ్చా? నా ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బరువు 82 కిలోలు.

ముడితాడు:
నడుము వంగేది నిలువునా పడుకుంటేనండి. తల కొంచెం ఎడమకి, కాళ్లు కుడికి పెట్టి ఏటవాలుగా పడుకుంటే గుడ్డ దాదాపు చదునుగా పరుచుకుంటుంది. దానికి పొడవు కావాలి. చవగ్గా దొరికే 9 అడుగులవి మీ ఎత్తుకి చాలవు, 11 అడుగులది చూడండి. రెండు చివర్లా కర్ర ఉన్నవి మాత్రం వద్దు, ఇట్టే తిరగబడతాయి.

అందరూ చేసే తప్పు బిగించి కట్టడం. బిగిస్తే గుడ్డ అంచులు పైకి లేచి భుజాల్ని నొక్కుతాయి, చెట్లకి కట్టే పట్టీల మీదా భారం పెరుగుతుంది. పట్టీ అడ్డానికి 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో వైపు మీ బరువంతే, అంటే 82 కిలోలు పడుతుంది. 15 డిగ్రీలకి లాగారంటే దాదాపు 160. చీర ఉయ్యాల ఎంత వదులుగా వేలాడుతుందో గుర్తు తెచ్చుకోండి, అలా ఉండాలి.

ప్రతిసారీ కోణం చూసుకోలేం కాబట్టి హ్యామక్ రెండు కొసల మధ్య సాగని సన్నతాడు ఒకటి కట్టేసుకోండి. పొడవు హ్యామక్‌లో 83 శాతం, అంటే 11 అడుగులదానికి 9 అడుగుల ఒకటిన్నర అంగుళం. ఎక్కాక ఆ తాడు రెండు వేళ్లతో నొక్కితే వంగాలి. వీణ తీగలా మోగితే పట్టీలు వదులు చెయ్యండి. చెట్ల మధ్య 12 నుంచి 15 అడుగులు ఉంటే సుఖం. కూర్చున్నప్పుడు కుర్చీ ఎత్తు చాలు. కాళ్ల వైపు పట్టీ తల వైపు కన్నా జానెడు పైకి కట్టండి, లేదంటే రాత్రంతా కిందికి జారుతూనే ఉంటారు.

మంచుతెర:
లంబసింగిలో అసలు సమస్య వీపు కింద చలి. స్లీపింగ్ బ్యాగ్ ఎంత మంచిదైనా మీ బరువుకి అడుగున అణిగిపోతుంది, అణిగిన దూదికి వెచ్చదనం ఉండదు. పైగా కింద నుంచి గాలి కొడుతుంది.

ఉన్న ఫోమ్ మ్యాట్ పారెయ్యకండి. రెండు పొరల హ్యామక్ అయితే పొరల మధ్య దూర్చండి, జారదు. భుజాల దగ్గర వెడల్పు చాలదు కాబట్టి ఇంకో ముక్క అడ్డంగా వెయ్యాలి. ఇంకా మంచిది అండర్‌క్విల్ట్, అంటే హ్యామక్ బయట కింద వేలాడే బొంత. దొరక్కపోతే పూర్తిగా విప్పి పరిచే స్లీపింగ్ బ్యాగ్‌కి రెండు చివర్లా తాడు దూర్చి సాగే తాడుతో వేలాడదీయండి. మీరు పడుకున్నాక పక్కవారిని చెయ్యి పెట్టి చూడమనండి: వీపుకి తగులుతూ ఉండాలి, అణగకూడదు. మధ్యలో బెత్తెడు సందున్నా అది ఉండీ లేనట్టే.

పొగమంచు ఆకుల మీంచి వానలా కారుతుంది కనుక టార్ప్, అంటే పైన కప్పులా కట్టే నీళ్లు దిగని పట్టా, తప్పదు. నీళ్లు పట్టీ వెంబడి లోపలికి పాకకుండా టార్ప్ నీడలో, హ్యామక్ కొసకి కాస్త చెట్టు వైపుగా, పట్టీకి బూటు లేసు ముక్క కట్టి వేలాడదీయండి. చుక్కలు అక్కడే కిందికి రాలిపోతాయి. ఏజెన్సీలో మలేరియా ఉంది, దోమతెర ఉన్నదే కొనండి.

మిరియాలపాదు:
చెట్ల సంగతి. సిల్వర్ ఓక్ కాండం నిటారుగా ఉంటుంది, కట్టడానికి బాగుంటుంది. కానీ చాలా వాటికి మిరియాల తీగ పాకి ఉంటుంది. పట్టీ బిగిస్తే తీగ నలిగిపోతుంది, అది రైతు పంట. కింద కాఫీ పండ్లు కోసే కాలం కూడా అదే. రైతుని అడిగి, తోట అంచున తీగ లేని చెట్లు చూసుకోండి. తొడంత లావుకి తక్కువ కాకూడదు. తల పైకెత్తి ఎండుకొమ్మలు లేవని చూశాకే కట్టండి. అడవిలోకైతే అటవీ శాఖ అనుమతి ఉండాలి.

తాడు వద్దు, బెరడు కోసుకుపోతుంది. అంగుళం వెడల్పున్న పాలిస్టర్ పట్టీ తీసుకోండి. నైలాన్ అయితే మంచుకి తడిసి సాగుతుంది, అర్ధరాత్రికి నడుము నేలకి ఆనుతుంది.

కొండబాట:
ధన్యవాదాలండి. ముందు మేడ మీద కట్టి చూడొచ్చా? పక్కకి తిరిగి పడుకోవడం కుదురుతుందా?

ముడితాడు:
పక్కకి కుదురుతుంది, మోకాళ్లు కాస్త ముడుచుకుంటే తుంటికి ఒత్తిడే తెలీదు. బోర్లా మాత్రం కుదరదు. మేడ మీద పిట్టగోడకి, ఇటుక స్తంభాలకి కట్టకండి. 30 డిగ్రీల దగ్గర కూడా పక్కకి 70 కిలోల లాగుడు ఉంటుంది, ఇటుక కట్టు విరిగి మీదే పడుతుంది. పెరట్లో మామిడి చెట్టు ఉంటే అదే నయం. కొబ్బరిచెట్టు కింద మాత్రం పడుకోకండి.