ఆఫీసులో స్నేహితురాలిపై గుసగుసలు: సమర్థించబోతే ఆమె రహస్యమే బయటపడేలా ఉంది

ప్రశ్న

జిల్లా కేంద్రంలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో నేను సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. ఊరి పేరు, శాఖ పేరు రాయడం లేదు. రాస్తే ఎవరి గురించో పోల్చుకోవడానికి ఎక్కువసేపు పట్టదు. పక్క సెక్షనులో ఉన్న నా స్నేహితురాలు కొంతకాలంగా తరచూ ఒక పూట సెలవు పెట్టి వెళుతోంది. మా అధికారి అభ్యంతరం చెప్పకుండా సంతకం చేస్తున్నారు. జరిగింది ఇంతే. అయితే మధ్యాహ్నం అందరం కలిసి భోజనం చేసే చోట దీనికి వేరే అర్థాలు తీస్తున్నారు. "ఆమె అడిగితే వెంటనే సెలవు, మనం అడిగితే సవాలక్ష ప్రశ్నలు" అన్న సణుగుడుతో మొదలైనది, ఇప్పుడు ఆమెకూ అధికారికీ సంబంధం అంటగట్టేదాకా వచ్చింది.

నిజానికి ఆమె వెళుతున్నది ఫ్యామిలీ కోర్టులో నడుస్తున్న విడాకుల కేసు వాయిదాలకు. ఆ సంగతి అధికారికీ నాకూ తప్ప ఆఫీసులో మరెవరికీ తెలియదు, తెలియకూడదని ఆమె నా దగ్గర మాట తీసుకుంది. ఒక్క వాక్యంతో వాళ్ల నోళ్లు మూయించగలిగీ, ఆ వాక్యం అనలేక కూర్చోవడం నాకు చాలా కష్టంగా ఉంది. మధ్యలో లేచి వెళితే, స్నేహితురాలికే సమాధానం చెప్పుకోలేక వెళ్లిపోయిందంటారు. అసలు ఈ మాటలు ఆమె చెవిన వేయాలా? వేయకుండా ఉంటే అది స్నేహమవుతుందా?

మొదటి సమాధానం: పదవీ విరమణ చేసిన సూపరింటెండెంటు

అమ్మా, ముందుగా ఆ ఒక్క వాక్యం సంగతి. దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ అనవద్దు. కేసు విషయం చెబితే సంబంధం మాట ఆగిపోతుందని మీరు అనుకుంటున్నారు. నా అనుభవంలో ఆగదు. "ఇదిగో, అందుకే విడాకులు" అని రెండింటినీ కలిపేస్తారు. అంతకుముందు వట్టి ఊహగా ఉన్నదానికి మీరే ఒక ఆధారం అందించినట్లవుతుంది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షను ప్రకారం ఇరుపక్షాలలో ఎవరు కోరినా న్యాయస్థానం తలుపులు మూసి విచారణ జరపాలి. న్యాయమూర్తే అంత గోప్యత పాటించవలసిన విషయం మన భోజనాల బల్ల మీదికి రావలసిన అవసరం లేదు.

మరి ఏమనాలంటే, వాళ్లు మొదట ఎత్తిన ఫిర్యాదుకే సమాధానం చెప్పండి. ఏడాదికి ఆమెకు ఎన్ని సాధారణ సెలవులో, మీకూ అన్నే. వాడుకున్న ప్రతి పూటా రిజిస్టరులో పడుతుంది. "ఆమె సెలవు ఆమె ఖాతాలోంచే పోతోంది, మంజూరు మీద ఎవరికైనా అనుమానముంటే అధికారినే అడగవచ్చు" అని మామూలు గొంతుతో చెప్పి, అన్నం తినడం కొనసాగించండి. కోపం చూపించవద్దు, వివరణ పొడిగించవద్దు. గుసగుసలాడేవారికి కావలసింది ఎదుటివారి ముఖంలో కదలిక. అది దొరకని చోట రుచి పోతుంది. లేచి వెళ్లిపోవడం కంటే ఇది మేలు. మీరు అక్కడ ఉన్నంతసేపూ ఆ మాట ముందుకు సాగదు.

రెండవ సమాధానం: ప్రైవేటు కళాశాల అధ్యాపకురాలు

ఆమె చెవిన వేయాలా అని అడిగారు. ఒకప్పుడు మా స్టాఫ్ రూములో ఇలాంటి మాటలు నా మీదే నడిచాయి కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. సాధారణంగా ఆ మనిషికి ముందే తెలుస్తుంది. గదిలోకి అడుగుపెట్టగానే సంభాషణ మారిపోవడం, ఎప్పుడూ పలకరించేవారు ఫోనులోకి తల దించుకోవడం, ఇవి ఎవరికీ అర్థం కాకుండా పోవు. తెలియనిది ఒక్కటే: మాట ఎంతదూరం వెళ్లిందన్నది. అది తెలియక పడే యాతన చాలా ఎక్కువ, అందువల్ల చెప్పడమే మంచిదని నా అభిప్రాయం.

అయితే ఎలా చెబుతారన్నది ముఖ్యం. నా మేలు కోరే ఒకామె ప్రతి సాయంత్రం ఫోను చేసి, ఎవరు ఏమన్నారో, ఏ గొంతుతో అన్నారో, ఎవరు నవ్వారో పూసగుచ్చినట్లు చెప్పేది. అన్నవారి మాటల కంటే ఆ నివేదికలే నన్ను ఎక్కువ కుంగదీశాయి. మీరు ఆఫీసు బయట, తీరికగా, ఒకేసారి చెప్పండి. పేర్లు ఆమె అడిగితేనే చెప్పండి. చెప్పాక "నేనేం చేయాలో నువ్వు చెప్పు" అని అడిగి, ఆమె చెప్పినంతే చేయండి. ఆమె తరఫున మీరొక యుద్ధం మొదలుపెడితే, దాని పర్యవసానాలు రేపు ఆ కుర్చీలో కూర్చుని భరించవలసింది ఆమే.

మూడవ సమాధానం: ఒక సంస్థలో అంతర్గత కమిటీ సభ్యురాలు

పై ఇద్దరితోనూ చాలావరకు ఏకీభవిస్తాను. కానీ అన్నిటికీ మామూలు గొంతు సరిపోదు. సెలవుల మీద సణుగుడు వేరు, ఒక మహిళా ఉద్యోగికి అధికారితో సంబంధం అంటగట్టి లైంగిక ధ్వని ఉన్న వ్యాఖ్యలు చేయడం వేరు. పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం అటువంటి వ్యాఖ్యలను వేధింపుల నిర్వచనంలో చేర్చింది. 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఇటువంటి ఫిర్యాదులను విచారించే అంతర్గత కమిటీ ఉండాలి. సంఘటన జరిగిన మూడు నెలల లోపు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. ఫిర్యాదు వివరాలను, ఆమె గుర్తింపును బయటపెట్టకూడదని 16వ సెక్షను చెబుతోంది.

మీకు సంబంధించిన విషయం ఒకటి ఉంది. ఏదైనా కారణం వల్ల ఆమె స్వయంగా ఫిర్యాదు చేయలేకపోతే, విషయం తెలిసిన మరొకరు చేయడానికి నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి, కానీ ఆమె రాతపూర్వక సమ్మతి ఉండాలి. స్నేహం కొద్దీ, ఆమెకు తెలియకుండా కమిటీకి వెళ్లవద్దు. వాట్సాప్ గ్రూపులో ఇటువంటిదేమైనా వచ్చి ఉంటే తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, ఎవరికీ పంపవద్దు. పరువు నష్టం కేసు వేయమని సలహా ఇచ్చేవారూ ఉంటారు. ఇప్పటికే ఒక కోర్టు చుట్టూ తిరుగుతున్న మనిషికి రెండో కోర్టును సూచించే ముందు కాస్త ఆలోచించాలి.

అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం వాళ్లింటికి వెళ్లి చెప్పాను. అధ్యాపకురాలు గారు ఊహించినట్లే సగం ఆమెకు ముందే తెలుసు. అధికారి పేరు కలిపారన్నది మాత్రం తెలియదు. పేర్లు అడగలేదు. గ్రూపులో వచ్చిన ఒక వెకిలి సందేశాన్ని చూపించాను, కమిటీకి వెళ్లాలా వద్దా అన్నది తానే తేల్చుకుంటానంది. అప్పటిదాకా బల్ల దగ్గర నన్ను ఏమీ అనవద్దంది, సూపరింటెండెంటు గారు చెప్పిన ఆ సెలవు ఖాతా మాట తప్ప. ఆమె భయమంతా మరొకచోట ఉంది: సెలవు చీటీలో కారణం రాయవలసి వస్తే అది సెక్షను గుమాస్తా చేతుల మీదుగానే వెళుతుంది కదా అంటోంది.

సూపరింటెండెంటు గారి నుంచి

సాధారణ సెలవు చీటీలో "సొంత పనుల నిమిత్తం" అని రాస్తే చాలు. దశాబ్దాలుగా అందరూ రాసేది అదే. అధికారికి వివరం చెప్పాలనుకుంటే నోటితో చెప్పమనండి. కోర్టు కాగితాల నకళ్లు ఏవైనా చీటీకి జతచేసి ఉంటే, వాటిని తిరిగి ఇప్పించమని ఈ వారంలోనే అధికారిని నేరుగా అడగమని చెప్పండి.