కోనసీమలో సింక్ సౌండ్ సినిమా, రికార్డిస్టుగా నాకు మొదటిది. సలహాలు కావాలి

ప్రశ్న (కాలవగట్టు)

అందరికీ నమస్కారం. కొన్నాళ్ళుగా హైదరాబాద్‌లో ఒక లొకేషన్ సౌండ్ టీమ్‌లో బూమ్ (పొడుగు కర్ర చివర కట్టిన మైకు) పట్టుకుంటున్నాను, ఎక్కువగా యాడ్స్, వెబ్ సిరీస్‌లు. ఇప్పుడు ఒక చిన్న సినిమాకి రికార్డిస్టుగా నన్నే రమ్మన్నారు. అమలాపురం దగ్గర పల్లెటూరు. పాత మండువా ఇల్లు ఒకటి, కాలవగట్టు మీద కొన్ని సీన్లు, నటుల్లో సగం మంది ఆ ఊరివాళ్ళే. డైరెక్టర్ గారు డబ్బింగ్ వద్దే వద్దు, మొత్తం సింక్ సౌండే, అంటే షూటింగ్‌లో పలికిన మాటలే వాడాలి అంటున్నారు. బడ్జెట్ తక్కువ కాబట్టి సౌండ్‌కి నేను, ఒక బూమ్ మ్యాన్, అంతే.

ఏ మైకులు, ఏ రికార్డర్ అద్దెకి తీసుకోవాలి? చీరల్లో కాలర్ మైకు పెడితే వచ్చే గరగర ఎలా పోతుంది? ఊళ్ళో చప్పుళ్ళని ఏం చేయాలి? 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ అయితే లెవెల్స్ గురించి టెన్షన్ అక్కర్లేదంటున్నారు, నిజమేనా?

బూమ్‌పోల్

తమ్ముడూ, మైకుల సంగతి తర్వాత. డైరెక్టర్ గారూ కెమెరామన్ గారూ లొకేషన్ చూడ్డానికి వెళ్ళే రోజు నువ్వూ అదే బండెక్కు. సౌండ్ వాళ్ళని రెక్కీకి పిలిచే అలవాటు మన దగ్గర తక్కువ, పిలవకపోతే అడిగి వెళ్ళు, బస్సు ఛార్జీలు నీ జేబులోంచి పెట్టుకోవాల్సి వచ్చినా వెళ్ళు. ఎంత ఖరీదైన మైకు తెచ్చినా దాంతో బాగుపడేది కొంచెమే, చోటో వేళో మార్చితే బాగుపడేది చాలా ఎక్కువ.

అక్కడ ఏమేం వినిపిస్తాయో చెప్తాను. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు (నీళ్ళకి గాలి అందించే మిషన్లు) రాత్రంతా తిరుగుతాయి, చెరువు కాస్త దూరంలో ఉన్నా రాత్రి సీన్‌లో ఆ గుర్రు మైకులో పడుతుంది. కొబ్బరి పీచు మిల్లులుంటాయి, కోతల సీజన్ అయితే వరికోత మిషన్లు, ధనుర్మాసమైతే తెల్లవారకముందే గుడి మైకులో తిరుప్పావై. కాబట్టి సీన్ ఏ వేళకి తీస్తారో అదే వేళకి, కెమెరా పెట్టే చోటే నిలబడి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఐదు నిమిషాలు రికార్డు చెయ్యి. మధ్యాహ్నం చూసి ప్రశాంతంగా ఉందనుకుంటే సరిపోదు, చీకటి పడగానే కీచురాళ్ళు మొదలవుతాయి, వాటిని ఆపడం ఎవరి తరమూ కాదు.

విన్నవన్నీ కాగితం మీద రెండు భాగాలుగా రాయి, మాట్లాడితే ఆగేవి ఒకవైపు, ఆగనివి ఒకవైపు. పక్క చేలో మోటారు, మిల్లు, గుడి మైకు, ఇవి మాట్లాడితే ఆగుతాయి, కాకపోతే ఆ మాట షాట్ పెట్టాక పరిగెత్తి వెళ్ళి అడిగేది కాదు, మేనేజర్ గారు ముందే ఊరి పెద్దలతో మాట్లాడాలి. ఆగని వాటికి మాత్రం సీన్ వేళ మార్చమనో, నటులు గోడకి ఇవతలి వైపు కూర్చునేలా చూడమనో డైరెక్టర్‌ని అడగాలి. రెక్కీ రోజు అడిగితే వింటారు, టేక్ ముందు అడిగితే ఎవరూ వినరు.

జనరేటర్ వ్యాన్ ఎక్కడ పెడతారో కూడా ఆ రోజే తేల్చుకో. ఇంటి వెనకాలో, ఏదైనా పెద్ద గోడ చాటునో ఉండాలి, దానికి పొడుగు కేబుల్ కావాలి, ఆ కేబుల్ ముందే చెప్తేనే లైట్ల వాళ్ళు బండిలో వేసుకొస్తారు.

ఇక మన సెట్లలో ప్రత్యేకంగా ఉండే తలనొప్పి ప్రాంప్టింగ్. వెనకటి ఆరిఫ్లెక్స్ 2సీ లాంటి కెమెరాలు తిరుగుతుంటే కుట్టుమిషన్ నడిచినట్టు ఉండేది, ఎలాగూ డబ్బింగే కదా అని టేక్ మధ్యలో డైలాగు అందించడం, డైరెక్టర్ పక్కనుంచి "ఎడమకి చూడు, ఇప్పుడు లే" అని చెప్పడం అలవాటైపోయింది. కెమెరాలు చప్పుడు మానేసినా ఆ అలవాటు అలాగే ఉంది. నీకు సగం మంది ఊరివాళ్ళు అంటున్నావు, వాళ్ళకి డైలాగు అందించక తప్పదు కూడా. దాన్ని పూర్తిగా మానమంటే జరగదు, పద్ధతి మార్చమను. అందించేవాడు లైను చెప్పి ఆపాలి, నటుడు ఒక క్షణం ఆగి అప్పుడు పలకాలి. రెండు గొంతులు ఒకదానిమీద ఒకటి పడకుండా ఉంటే ఎడిటర్ ఆ ప్రాంప్టింగ్ ముక్క తీసేస్తాడు, పడ్డాయంటే ఆ లైను పోయినట్టే. దీన్ని డైరెక్టర్‌కీ, డైలాగు అందించే అసిస్టెంట్‌కీ మొదటి రోజు పొద్దున్నే రెండు లైన్లు రికార్డు చేసి హెడ్‌ఫోన్స్‌లో వినిపించు. నోటితో చెప్తే ఎక్కదు, వింటే మాత్రం ఆ అసిస్టెంటే రెండో రోజు నుంచి మిగతావాళ్ళని ఆపుతాడు.

కృష్ణానగర్ కేబుల్

పైన బూమ్‌పోల్ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు. సామాను గురించి నేను చెప్తాను.

బయట సీన్లకి సెన్‌హైజర్ 416 తీసుకోండి. తేమ ఉన్న చోట కొన్ని కండెన్సర్ మైకులు చిటపటలాడతాయి, ఇది ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) పద్ధతిలో పనిచేస్తుంది కాబట్టి తేమకి తట్టుకుంటుంది, కోనసీమకి అదే కావాలి. అద్దెకి కూడా తేలిగ్గా దొరుకుతుంది. కానీ గదుల్లోకి దాన్నే తీసుకెళ్ళకండి. ఆ పొడుగు గొట్టం మైకులు చిన్న గదిలో గోడల నుంచి తిరిగొచ్చే శబ్దాన్ని వికారంగా పట్టుకుంటాయి. గదికి ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే పొట్టి మైకు, అంటే సూపర్ కార్డియాయిడో హైపర్ కార్డియాయిడో కావాలి, సెన్‌హైజర్ ఎంకేహెచ్ 50 (సూపర్) దొరికితే మంచిది, బడ్జెట్ లేకపోతే ఆడియో టెక్నికా 4053బి (హైపర్). గచ్చు నేల, సున్నం గోడలు ఉంటే ఊళ్ళోనే బొంతలు, దుప్పట్లు అడిగి ఫ్రేములో పడని గోడకి వేలాడదీయండి, నేల మీదా పరవండి. మండువా మధ్యలో ఆకాశం కనిపిస్తుంది కదా, కాకులూ చిలకలూ అక్కణ్ణుంచే దిగుతాయి, అక్కడ బూమ్ పైనుంచి కిందికి పట్టడమే మేలు, మైకు వీపు ఆకాశం వైపు ఉంటుంది.

కాలవగట్టు మీద నురుగు తొడుగు ఒక్కటే పెట్టుకుని వెళ్తే సాయంత్రం గాలికి ఏమీ మిగలదు. జెప్లిన్ (మైకు చుట్టూ గాలిని ఆపే గొట్టం లాంటి గూడు), దాని మీద బొచ్చు తొడుగు, రెండూ తీసుకోండి.

రికార్డర్ సంగతికొస్తే జూమ్ ఎఫ్6, ఎఫ్8ఎన్ ప్రో, లేదా మిక్స్‌ప్రీ-6 రెండో వెర్షన్, ఏదైనా సరే. మూడింట్లోనూ 32 బిట్ ఫ్లోట్ ఉంది. అయితే అది ఎక్కడివరకు కాపాడుతుందో తెలుసుకోండి. రికార్డర్ లోపల లెవెల్ దాటిపోయినా తర్వాత కిందికి తేవచ్చు, అంతవరకే. వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్‌లోనే గొంతు పగిలిపోతే రికార్డర్‌కి చేరేసరికే అది పగిలి ఉంటుంది. మైకు దూరంగా ఉంటే అసలు ఉపయోగం లేదు, ఆరుబయట మైకు దూరం రెట్టింపైతే గొంతు సుమారు 6 డీబీ పడిపోతుంది, చుట్టూ ఉన్న రొద మాత్రం అంతే ఉంటుంది. ఆ తేడా ఏ బిట్టూ తెచ్చివ్వదు. నా మాటగా చెప్పాలంటే 32 బిట్ ఉన్నా లేనట్టే గెయిన్ (రికార్డర్ శబ్దాన్ని ఎంత పెంచాలో ఆ సెట్టింగ్) పెట్టుకోండి, మీటర్‌లో మామూలు మాటలు మైనస్ 20 డీబీ దగ్గర, గట్టిగా అరిచినవి మైనస్ 10 లోపు.

కాస్ట్యూమ్ అక్క

నేను సౌండ్ మనిషిని కాదు, దుస్తుల విభాగం. కానీ చీర సంగతి నాకు తెలుసు కాబట్టి రాస్తున్నా.

గంజి పెట్టిన నేత చీరకి మైకు తగిలితే కాగితం నలిపినట్టే వినిపిస్తుంది. ఏ సీన్‌కి ఏ చీరో మా దగ్గర ముందే రాసి ఉంటుంది, ఆ జాబితా అడగండి బాబూ. గంజి వద్దని ముందే చెప్తే రెండుసార్లు ఉతికి మెత్తగా చేసి ఉంచుతాం, షాట్‌లో చూడ్డానికి తేడా ఏమీ తెలియదు. పట్టు చీర ఉతకలేం, దాని చప్పుడు పోదు, అక్కడ మీరు బూమ్ మీదే ఆధారపడండి.

మైకు పెట్టే చోటు: జాకెట్టు ముందు అంచు లోపల, హుక్కుల పట్టీ దగ్గర. పైటకి పెట్టొద్దు, కదిలినప్పుడల్లా రాసుకుంటుంది. మైక్రోపోర్ టేపు చిన్న ముక్క బంక పైకి ఉండేలా త్రికోణంగా మడిచి మైకుకి అటొకటి ఇటొకటి పెడితే ఒకవైపు గుడ్డకీ ఒకవైపు ఒంటికీ అతుక్కుని రెండూ కదలవు. దాని కింద తీగని చిన్న చుట్ట చుట్టి ఇంకో టేపు వేయండి, తీగ లాగినా మైకు దాకా రాదు. నల్లపూసలు, మంగళసూత్రం మైకు మీద పడి టక్ టక్ మంటాయి, వాటి వెనక జాకెట్టుకి చిన్న కుట్టు వేసి నేను ఆపేస్తాను, తీయమని మాత్రం నటిని మీరు నేరుగా అడగొద్దు. కాళ్ళు కనిపించని షాట్‌లో పట్టీలు తీయించేయొచ్చు. గాజు గాజుల మధ్య సన్నటి పారదర్శక టేపు వేస్తే ఒకదానికొకటి తగలవు.

ఇంకొకటి. ఆడవాళ్ళకి మైకు పెట్టేది మా విభాగంలోని ఆడవాళ్ళే అని మొదటి రోజే చెప్పేయండి. ఊరి ఆడవాళ్ళు నటిస్తున్నారంటున్నారు కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. ఎలా పెట్టాలో మాకు ఒకసారి చూపించండి చాలు.

కాలవగట్టు

అక్కా, టేపు మడత విషయం ఎవరూ చెప్పలేదు, చాలా థాంక్స్. బూమ్‌పోల్ అన్నా, రెక్కీకి వస్తానని మేనేజర్ గారికి ఇందాకే ఫోన్ చేశాను, సరేనన్నారు. ఇంకో రెండు సందేహాలు. ప్రతి సెటప్‌కీ రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పుడు ఆ చోట వినిపించే శబ్దం) తీసుకోవాలంటే డైరెక్టర్ టైం ఇస్తారా అని భయం. డబ్బు దగ్గర కూడా మొత్తానికి ఒకే రేటు చెప్పమంటున్నారు, ఎలా చెప్పాలో తెలియట్లేదు.

ఎడిట్ టేబుల్

ఎడిటర్ వైపు నుంచి చెప్తా. రూమ్ టోన్ 30 సెకన్లు చాలు, కానీ ఎవరూ కదలకముందే, అవే లైట్లు వెలుగుతుండగా, అదే మైకుతో తీయాలి. ఓకే అనగానే యూనిట్ అంతా లేస్తుంది, అందుకని ఆఖరి టేక్ తర్వాత "కట్" చెప్పకుండా అలాగే ఉంచమని అసోసియేట్‌తో ముందే మాట్లాడుకోండి. ఊరివాళ్ళతో తీసిన సీన్లలో ఎక్కడైనా లైను పాడైతే వెంటనే, అదే చోట, కెమెరా లేకుండా మళ్ళీ పలికించి వైల్డ్ ట్రాక్ తీసుకోండి. వాళ్ళని హైదరాబాద్ పిలిపించి డబ్బింగ్ థియేటర్‌లో నిలబెడితే ఆ యాస, ఆ తూగు రావు, గంట తర్వాత అడిగినా తేడా వస్తుంది.

టైమ్‌కోడ్ బాక్సులు (కెమెరా, రికార్డర్ గడియారాలు కలిపే పెట్టెలు) పెట్టినా క్లాప్ మానొద్దు. ఫ్రేమ్ రేటు కెమెరాకీ రికార్డర్‌కీ ఒకటే ఉందా అని మొదటి రోజు చూడండి, 24కీ 23.976కీ మధ్య తేడా పొడుగాటి టేకుల్లో పెదాలు జారిపోయేలా చేస్తుంది. 48 కిలోహెర్ట్జ్, ప్రతి మైకు వేరే ట్రాక్, పైన ఒక మిక్స్ ట్రాక్. సౌండ్ రిపోర్టులో "టేక్ 3లో లారీ, లైను పోయింది" అని రాసిన ఒక్క మాట నాకు గంటలు మిగులుస్తుంది. రోజూ రాత్రి రెండు డ్రైవ్‌లలోకి కాపీ అయ్యాకే కార్డు ఫార్మాట్ చేయండి.

బూమ్‌పోల్

డబ్బు దగ్గర నీ రోజు కూలీ వేరు, సామాను అద్దె వేరు, బూమ్ మ్యాన్ జీతం వేరు, ముగ్గురికీ బేటా (రోజువారీ భత్యం) వేరు అని విడదీసి రాసి పంపు. (ముగ్గురు అంటున్నానేంటి అంటే, ఊరివాడైన కుర్రాణ్ణి ఒకణ్ణి అడుగు, రోడ్డు దగ్గర బళ్ళు ఆపడానికి, ఎవరింట్లో టీవీ మోగుతోందో అతనికే తెలుసు.) బ్యాటరీలు, టేపులు లాంటి ఖర్చయ్యే సామానుకి ఇంకో లైను. సామాను కాలవలో పడితే ఎవరు కట్టాలో కూడా ముందే రాయించుకో, అద్దెకిచ్చిన వాళ్ళు నీ పేరు మీదే రాస్తారు. మొత్తానికి ఒకే రేటు అంటే చివరికి తగ్గించేది నీ కూలీనే, విడిగా రాస్తే దేన్ని తగ్గించమంటున్నారో వాళ్ళే చెప్పాలి. బేరం పెట్టి సామాను తగ్గించమంటే రెండో కాలర్ మైకుల సెట్టు వదులుకో, బూమ్ మ్యాన్‌ని వదులుకోవద్దు.

రెక్కీలో తీసిన ఐదు నిమిషాల ఫైలు ఇక్కడ పెట్టు, రాత్రి వేళది తప్పకుండా. విని ఏది ఆపించాలో, ఏ సీన్ వేళ మార్చాలో చెప్తా.